కట్టినవాళ్లు వెళ్లిపోయాక

విశాఖ దగ్గరి ఆనందపురం కూడలి చుట్టూ కాలేజీలకు కొదవ లేదు. గంభీరంలో ఐఐఎం ఉంది. సొంట్యాం, సంగివలస, దాకమర్రి వైపు ఏ దారి పట్టినా ఇంజనీరింగ్ కాలేజీల బస్సులే ఎదురొస్తాయి. ఆనందపురం మండలంలోనే ఉన్న తర్లువాడ పేరు 2025 అక్టోబరు 14 తర్వాత పేపర్లలో మారుమోగింది. ఆ రోజు ఢిల్లీలో గూగుల్ సంస్థ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి విశాఖలో ఒక గిగావాట్ స్థాయి డేటా సెంటర్ కడతామంది. అందుకు ఎంచుకున్న మూడు చోట్లలో తర్లువాడ ఒకటి. మిగతావి అడవివరం, రాంబిల్లి.

విద్యార్థి క్లబ్బు వెబ్‌సైటుకు గిగావాట్లు అక్కర్లేదు. విశాఖ పక్కనున్న కంబాలకొండ అడవిలో పిట్టలను చూసి రాసుకునే ఒక క్లబ్బు ఉందనుకుందాం. ఈ ఆదివారం నడక ఎక్కడ మొదలవుతుంది, ఏ పిట్ట ఏ నెలలో కనిపించింది, ఎవరు తీసిన ఫొటో ఏది... ఫొటోల సైజు తగ్గించుకుంటే ఇదంతా పాత పెన్‌డ్రైవ్‌లో ఒక మూలకు సరిపోతుంది. కట్టడానికి వారం, పది రోజులు చాలు. నేర్పే వీడియోలు తెలుగులోనే బోలెడు. అయినా ఇలాంటి సైట్ల పేర్లు నాలుగు వెతికి చూస్తే ఒకటి తెరుచుకోదు, ఇంకొకటి మూడేళ్ల కిందటి ఫెస్ట్ దగ్గరే ఆగిపోయి ఉంటుంది, మరొకదాని పేరు కొడితే రమ్మీ ప్రకటన వస్తుంది.

దీనికి కారణం కాలేజీ క్యాలెండర్‌లో ఉంది. బీటెక్ నాలుగేళ్లు. మొదటి ఏడాది కుర్రాడికి ల్యాబు దారి తెలిసేసరికే సెమిస్టర్ అయిపోతుంది. నాలుగో ఏడాది ప్లేస్‌మెంట్లు, ప్రాజెక్టు. చేతులు ఖాళీగా ఉండేది మధ్య రెండేళ్లే. సైటు కట్టిన అమ్మాయి బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉద్యోగంలో చేరాక పాస్‌వర్డు ఎవరి దగ్గరుందో తెలియదు. సైటు పడిపోయిందని కూడా ఎవరో చెబితేనే తెలుస్తుంది. ఇది కాలేజీ పిల్లలకే వచ్చిన తెగులు కాదు. అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో లెక్క తీస్తే, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకే అందుబాటులో లేకుండా పోయాయి. కాబట్టి క్లబ్బు సైటు గురించి వేసే ప్రతి సాంకేతిక ప్రశ్ననూ ఒకే గీటురాయి మీద గీసి చూడాలి: కట్టినవాళ్లు వెళ్లిపోయాక ఇది నిలబడుతుందా?

నిలబెట్టినవాళ్లు ఉన్నారు. అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు 1969లోనే కంప్యూటర్ సౌకర్యాల కోసం స్టూడెంట్ ఇన్ఫర్మేషన్ ప్రాసెసింగ్ బోర్డు అనే సంఘం పెట్టుకున్నారు. 1993లో వెబ్ ఇంకా పసిబిడ్డగా ఉన్నప్పుడే వాళ్లు ఒక సర్వరు పెట్టి, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ డాట్ ఎంఐటీ డాట్ ఈడీయూ అనే పేరును వాడేసుకున్నారు. దాంతో ఆ మహా విశ్వవిద్యాలయం తన అధికారిక సైటును ‘వెబ్ డాట్ ఎంఐటీ’ అనే పేరుతో నడుపుకోవాల్సి వచ్చింది. పిల్లలదే పైచేయి! బర్కిలీలో 1989లో మొదలైన ఓపెన్ కంప్యూటింగ్ ఫెసిలిటీ కూడా విద్యార్థులు నడిపేదే. క్యాంపస్‌లోని సంఘాలకు అది ఉచితంగా సైటు చోటిస్తుంది. ఈ రెండూ ఇప్పటికీ ఉన్నాయి. మొదలుపెట్టినవాళ్లు ఎప్పుడో తాతలయ్యారు. మన దగ్గర హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో క్లబ్స్ కౌన్సిల్ అన్ని క్లబ్బులకూ కలిపి ఒకే సైటు నడుపుతూ, దాని కోడ్‌ను గిట్‌హబ్ అనే వెబ్‌సైటులో అందరికీ కనిపించేలా పెట్టింది. తాళం ఒక్కరి జేబులో ఉండకపోవడమే వీటన్నిటిలో ఉమ్మడి విషయం.

తాళాల్లో మొదటిది పేరు. వెబ్‌సైటు పేరును డొమైన్ అంటారు. ఎనభైల మొదట్లో ఇంటర్నెట్ పూర్వరూపంలోని యంత్రాలన్నిటి పేర్లూ ఒకే ఒక్క జాబితా ఫైలులో ఉండేవి. దాన్ని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో నిర్వహించేవారు, మిగతావాళ్లు నకలు తెచ్చుకునేవారు. యంత్రాలు పెరిగేసరికి ఆ పద్ధతి ఊపిరాడక చతికిలపడింది. 1983లో పాల్ మొకపెట్రిస్ ఆ భారాన్ని అంచెలుగా పంచే డీఎన్ఎస్‌ను రూపొందించాడు. ఆనందపురంలో ఒక ఫోన్ క్లబ్బు పేరు అడిగితే ఆ ప్రశ్న ముందు ‘రూట్’ సర్వర్లకు వెళుతుంది. అవి ‘డాట్ ఇన్ సంగతి ఫలానావాళ్లను అడుగు’ అంటాయి. డాట్ ఇన్ సర్వరు ‘ఈ పేరు సంగతి ఫలానా చోట అడుగు’ అంటుంది. ఆఖరి సర్వరు అసలు చిరునామా అంకెలు ఇస్తుంది. మధ్యలో దొరికిన జవాబులను కొంతసేపు దాచుకుంటారు కనుక ప్రతిసారీ ఇంత తిరుగుడు ఉండదు. సైటును కొత్త చోటికి మార్చిన రోజున ఒకరికి కొత్తదీ పక్కవాడికి పాతదీ కనిపించడానికి కారణం ఈ దాచుకోవడమే. గంట గంటకూ సెట్టింగులు మార్చి కంగారుపడే జూనియర్లకు ఈ ఒక్క ముక్క ముందే చెబితే సగం రాత్రులు నిద్రపోతారు.

పేరు రెండు దారుల్లో దొరుకుతుంది. కాలేజీకి డాట్ ఏసీ డాట్ ఇన్ పేరు ఉంటే దాని కింద క్లబ్బుకో ఉపపేరు అడగవచ్చు. డాట్ ఏసీ డాట్ ఇన్ పేర్లను ఇచ్చేది ఎర్నెట్ సంస్థ, విద్యాసంస్థలకు మాత్రమే ఇస్తుంది. ఉపపేరుకు క్లబ్బుకు ఖర్చు లేదు, ఏటా కట్టాల్సిందీ లేదు, కాలేజీ ఉన్నన్నాళ్లూ ఉంటుంది. కాకపోతే సిస్టమ్ అడ్మిన్ గది ముందు నాలుగు రోజులు నిలబడాలి. 2005 నుంచి ఎవరైనా కొనుక్కోగలిగేలా తెరిచిన డాట్ ఇన్ పేరు రెండో దారి. ఇది పది నిమిషాల పని, అందుకే కుర్రాళ్లు దీన్నే పట్టుకుంటారు. ఎవడో ఉత్సాహవంతుడు తన సొంత ఈమెయిల్‌తో, తండ్రి కార్డుతో కొంటాడు. ఏడాది తిరిగేసరికి రెన్యువల్ ఉత్తరం అతని పాత ఇన్‌బాక్స్‌లో ఎక్కడో పడి ఉంటుంది. గడువు దాటిన పేరు వెంటనే పోదు. డాట్ కామ్ పేరునైతే రిజిస్ట్రార్ తొలగించాక కూడా 30 రోజులు ఎక్కువ రుసుము కట్టి విడిపించుకోవచ్చు, ఆ తర్వాత ఇంకో 5 రోజులకు సంతలోకి వస్తుంది. పాత పేరుకు సెర్చ్‌లో ఎంతో కొంత పరపతి మిగిలి ఉంటుంది కనుక కాచుకుని కూర్చున్నవాళ్లు ఎగరేసుకుపోతారు. రమ్మీ ప్రకటన కథ ఇదే.

కోట్లకు పడగలెత్తినవాళ్లకూ ఇది తప్పలేదు. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ తన పాస్‌పోర్ట్ డాట్ కామ్ పేరును రెన్యువల్ చేయడం మరిచిపోయింది. హాట్‌మెయిల్‌లోకి లాగిన్ కావాలంటే ఆ పేరే ఆధారం. క్రిస్మస్ ముందురోజు చాలామందికి మెయిల్ తెరుచుకోలేదు. మైకేల్ చేనీ అనే లినక్స్ ప్రోగ్రామర్ విషయం కనిపెట్టి, తన కార్డుతో 35 డాలర్లు కట్టేశాడు. అంత పెద్ద కంపెనీకే అలా అయితే ముగ్గురు కుర్రాళ్ల జ్ఞాపకశక్తి మీద క్లబ్బును వదిలేయడం ఎంత తెలివైన పని? ఉపపేరు కోసం అడ్మిన్ గది ముందు నిలబడటమే మేలు.

పేరు తర్వాత రెండో నిర్ణయం సైటు ఏ రకం అన్నది. ఇక్కడే విద్యార్థులు ఎక్కువగా మోజుపడతారు, ఇక్కడే ఎక్కువగా దెబ్బతింటారు. రకాలు స్థూలంగా రెండు. ఒకదానిలో పేజీలన్నీ ముందే తయారై ఫైళ్లుగా ఉంటాయి. అడిగినవాడికి సర్వరు ఉన్నది ఉన్నట్టు అందిస్తుంది. దీన్ని స్టాటిక్ సైటు అంటారు. 1991లో టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ ప్రయోగశాలలో లోకానికి చూపిన మొదటి సైటు ఈ రకమే. రెండో రకంలో ఎవరైనా అడిగిన క్షణాన ఒక ప్రోగ్రాము డేటాబేస్ నుంచి సమాచారం తీసి పేజీని అప్పటికప్పుడు వండి వడ్డిస్తుంది. 2003లో పుట్టిన వర్డ్‌ప్రెస్ ఇలాంటిదే. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దాని మీదే నడుస్తున్నాయి.

వర్డ్‌ప్రెస్‌లో సుఖం ఉంది. కోడ్ రాని సభ్యురాలు కూడా లాగిన్ అయి వార్త రాసి పెట్టగలదు. కానీ దాని కింద పీహెచ్‌పీ భాషలో రాసిన ప్రోగ్రాము ఉంది, డేటాబేస్ ఉంది, పైన పదో పరకో ప్లగిన్లు ఉంటాయి. వాటిలో ఎక్కడో ఒక లోపం బయటపడుతూనే ఉంటుంది, అప్‌డేట్ వస్తూనే ఉంటుంది. వేసవి సెలవుల్లో రెండు నెలలు ఎవరూ చూడకపోతే, లోపాలున్న సైట్ల కోసం రాత్రింబగళ్లు వెతికే ఆటోమేటిక్ ప్రోగ్రాములు తలుపు తెరిచేస్తాయి. స్టాటిక్ సైటులో బద్దలు కొట్టడానికి ప్రోగ్రామే నడవదు, డేటాబేసే ఉండదు. ఐదేళ్లు ఎవరూ ముట్టుకోకపోయినా ఆ ఫైళ్లు అలాగే తెరుచుకుంటాయి. నోటీసులు, ఫొటోలు, నడకల పట్టిక ఉండే క్లబ్బుకు ఇంతకన్నా ఏం కావాలి? రెజ్యూమెలో కొత్త ఫ్రేమ్‌వర్క్ పేరు రాసుకోవడానికే క్లబ్బు సైటును ప్రయోగశాల చేయడం న్యాయం కాదు. ఆ సరదా సొంత ప్రాజెక్టులో తీర్చుకోవచ్చు.

ప్రతి పేజీనీ చేత్తో రాయనక్కర్లేదు. 2008లో వచ్చిన జెకిల్, 2013లో వచ్చిన హ్యూగో వంటి పనిముట్లు ఉన్నాయి. వార్తను మామూలు టెక్స్ట్‌లో రాస్తే చాలు. తలకట్టు, మెనూ, అడుగుభాగం అవే అతికించి మొత్తం సైటును క్షణాల్లో అచ్చుతీస్తాయి. ఇక రంగులు, బొమ్మల కదలికల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, కుర్రాళ్లకు అది పుట్టుకతోనే వస్తుంది. ఒక్క మాట మాత్రం చెప్పాలి: ఫోన్ కెమెరా ఫొటో ఒక్కోటి నాలుగైదు ఎంబీలు ఉంటుంది. అలాంటివి ఇరవై పెట్టిన పేజీ మండలంలో సిగ్నల్ సరిగా అందని చోట తెరుచుకునేలోగా చూసేవాడు వెళ్లిపోతాడు.

తెలుగు సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఆనందపురం కాలేజీలో క్లబ్బు పెట్టి సైటు మొత్తం ఇంగ్లీషులో నడపడం అలవాటుగా మారింది. తెలుగు సరిగా కనిపించదన్న భయం వల్ల కాబోలు. ఆ భయానికి ఒకప్పుడు కారణం ఉండేది. తెలుగు పత్రికలు మొదట వెబ్‌లోకి వచ్చినప్పుడు ఎవరి ఫాంటు వారిదే. ఒక సైటులో ‘క’ను సూచించే సంఖ్య మరో సైటులో మరో అక్షరం. ఆ ఫాంటు దించుకోకపోతే తెర నిండా పిచ్చిగీతలే. ఆ తరంలో నిల్వచేసిన పేజీలను తర్వాత చదవడానికి వెన్న నాగార్జున పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు రాయాల్సి వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికింది ఆయనే. అంతకు ముందే అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకునే తెలుగువాళ్లు ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని తయారుచేశారు. ఫాంటు మీద ఆధారపడలేదు కనుక ఆ రాతలు ఈరోజుకీ చదవడానికి వీలుగా ఉన్నాయి.

ఇప్పుడు ప్రతి అక్షరానికీ అన్నిచోట్లా ఒకే సంఖ్య ఇచ్చే యూనికోడ్ ఉంది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ‘ఆనందపురం’ అన్న మాటలో అచ్చులు, హల్లులు, కొమ్ము, సున్నలు కలిపి 8 సంకేతాలు. అంటే 24 బైట్లు. అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో 11 బైట్లు. రెట్టింపుకు మించిందే కానీ, ఒక ఫొటో ముందు ఇది లెక్కలోకి రాదు. పైగా సర్వరు పేజీని కుదించి పంపుతుంది. చిక్కు వచ్చేది పేజీ చిరునామాలో. అక్కడ తెలుగు పెడితే, ఆ లింకును వాట్సాప్‌లో అతికించినప్పుడు ఒక్కో బైటు మూడు గుర్తులుగా విప్పుకుని ‘ఆనందపురం’ 72 గుర్తుల గొలుసు కావచ్చు. కనుక చిరునామా పొట్టిగా ఇంగ్లీషు అక్షరాల్లో, లోపల రాత తెలుగులో ఉంటే అందరికీ సుఖం. సిలికానాంధ్ర ద్వారా వచ్చిన మండలి, సూరన్న, రామభద్ర వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. వరుసల మధ్య దూరం ఇంగ్లీషుకన్నా కాస్త ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. తెలుగులో పెట్టిన పిట్టల పట్టిక అడవి పక్క ఊళ్లోని బడిపిల్లలకూ పనికొస్తుంది, ఇంగ్లీషు పేజీ ప్లేస్‌మెంట్ అధికారికి మాత్రమే.

ఫైళ్లు తయారయ్యాక వాటిని ఎక్కడ దాచాలి? ఒకరి ల్యాప్‌టాప్‌లో మాత్రం కాదు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో గిట్ అనే పనిముట్టు రాశాడు. లినక్స్ బృందం అప్పటిదాకా వాడిన పనిముట్టుకు ఉచిత అనుమతి పోవడమే దానికి కారణం. గిట్‌లో ప్రతి మార్పుకూ ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నది నమోదవుతుంది. మార్పుకూ దాని ముందు చరిత్రకూ కలిపి 40 గుర్తుల ముద్ర పడుతుంది. పాత రికార్డులో ఒక్క కామా మార్చినా ఆ తర్వాతి ముద్రలన్నీ మారిపోతాయి, అంటే గుట్టుగా చరిత్ర దిద్దడం కుదరదు. జూనియర్లకు ఇదే పెద్ద ఆస్తి. 2023లో ఒక సీనియరు సైటులోని ఒక ఫారాన్ని ఎందుకు తీసేశారో ఆ సీనియరుకు ఫోన్ చేయకుండానే తెలుస్తుంది, ‘ఎందుకు’ అన్నచోట ‘అప్‌డేట్’ అని మాత్రమే రాసి వదిలేయకపోతే. పాస్‌వర్డులను మాత్రం గిట్‌లో పెట్టకూడదు. తర్వాత చెరిపినా చరిత్రలో అలాగే ఉంటాయి.

గిట్‌హబ్‌లో క్లబ్బు పేరుతో ఒక సంస్థ ఖాతా తెరిచి, ఏ సంవత్సరంలోనైనా కనీసం ముగ్గురికి, ఒక అధ్యాపకుడితో కలిపి, యజమాని హక్కులు ఇవ్వాలి. గిట్‌హబ్ పేజెస్ సేవ ఆ ఫైళ్లను ఉచితంగా వెబ్‌లోకి ఎక్కిస్తుంది. సైటు పరిమాణం 1 జీబీ దాటకూడదు, నెలకు 100 జీబీ వరకు రాకపోకలకు వీలు. పిట్టల క్లబ్బుకు ఇది ఎక్కువే. మార్పు నమోదుచేసిన నిమిషం, రెండు నిమిషాల్లో కొత్త పేజీ బయటికి వస్తుంది. దీన్నే డిప్లాయ్‌మెంట్ అంటారు. ఒకప్పుడు ఫైళ్లను ఒక్కొక్కటిగా ఎక్కిస్తూ, మధ్యలో కరెంటు పోతే సగం పాతదీ సగం కొత్తదీ అయిన సైటును చూసి తలపట్టుకున్న తరానికి ఇది నమ్మశక్యంగా ఉండదు.

బ్రౌజర్‌లో తాళం గుర్తు కోసం కావలసిన సర్టిఫికెట్‌ను 2015 చివరి నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఉచితంగా ఇస్తోంది. మొదటి నుంచీ దాని గడువు 90 రోజులే. మనిషి గుర్తుపెట్టుకుని చేసే పని కాకుండా యంత్రమే దానంతట అది కొత్తది తెచ్చుకోవాలన్నది వాళ్ల ఉద్దేశం. 2029 మార్చి నుంచి బ్రౌజర్లు నమ్మే ఏ సర్టిఫికెట్ గడువైనా 47 రోజులు మించకూడదని సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు, బ్రౌజర్ కంపెనీలు కలిసి నిర్ణయించుకున్నాయి. చేత్తో సర్టిఫికెట్ మార్చే క్లబ్బులు సెమిస్టర్‌కు మూడు నాలుగుసార్లు ఆ పని చేయాల్సి వస్తుందన్నమాట.

సైటు భౌతికంగా ఎక్కడుంటుందన్నది దూరం లెక్క కూడా. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. విశాఖ నుంచి ముంబై నేరుగా దాదాపు 1,100 కిలోమీటర్లు, పోయిరావడానికి ఎంత లేదన్నా 11 మిల్లీసెకన్లు. అమెరికా తూర్పు తీరానికి 13 వేల కిలోమీటర్లకు పైనే, 130 మిల్లీసెకన్లు. పేజీలో మొదటి అక్షరం రావడానికి సాధారణంగా మూడు రాకపోకలు కావాలి: పలకరింపు, తాళం ఒప్పందం, అసలు అడగడం. అంటే అమెరికా సర్వరైతే దాదాపు 0.4 సెకను. తీగలు సూటిగా పోవు కనుక అసలు సమయం ఇంకా ఎక్కువే. అందుకే పెద్ద సేవలు ఒకే ఫైలు నకళ్లను దేశదేశాల్లో దగ్గరి సర్వర్లలో దాచిపెడతాయి. మొదట్లో చెప్పుకున్న తర్లువాడ డేటా సెంటర్ మాత్రం ప్రధానంగా కృత్రిమ మేధ కోసం. ఆ ప్రాజెక్టులో భాగంగా విశాఖ తీరానికి సముద్రగర్భ కేబుళ్లు కూడా రావాలి.

‘సర్వరు మన కాలేజీలోనే పెట్టుకుంటే పోలా’ అనే కుర్రాడు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు. నేర్చుకోవడానికి అంతకన్నా మంచి బడి లేదు, నిజమే. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలు ఒరిగి, టవర్లు మూగబోయి, నగరం రోజుల తరబడి కరెంటూ ఫోనూ లేకుండా ఉండిపోయింది. అలాంటప్పుడు కాలేజీ గదిలోని సర్వరు చల్లారిపోతుంది. దేశం అవతల ఉన్న సైటు నిలిచే ఉంటుంది. ఊళ్లో ఎవరికీ కనిపించకపోయినా, ఇక్కడి వార్త కోసం హ్యూస్టన్‌లో తెల్లవార్లూ మేల్కొన్న పూర్వ విద్యార్థి అది తెరిచి చూడగలడు. క్లబ్బు ముఖపత్రం బయట, ప్రయోగాల సర్వరు గదిలో ఉండటం మంచి రాజీ.

సభ్యుల పేజీ గురించి కూడా ఒక మాట. ఫోన్ నంబర్లు, పుట్టినరోజులతో జాబితా పెట్టే ఆచారం ఇంకా పోలేదు. వాటిని ఏరుకునే ప్రోగ్రాములు వెబ్ నిండా ఉన్నాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లల కిందే లెక్కిస్తుంది, వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. మొదటి ఏడాది తరగతిలో చాలామందికి 17. క్లబ్బుకు ఒక ఈమెయిల్, సభ్యుల పేర్లు ఉంటే చాలు. పేరు వద్దన్నవారి పేరు తీసేయాలి.

ఇక అప్పగింత. పరీక్షలు అయ్యాక చివరి వారం ఒక మధ్యాహ్నం దీనికి కేటాయించాలి. సైటును ఎప్పుడూ చూడని రెండో ఏడాది విద్యార్థినికి ఖాళీ ల్యాప్‌టాప్, గిట్‌హబ్ చిరునామా, సైటును ఎలా నడపాలో రాసిన రీడ్‌మీ ఫైలు ఇస్తారు. ఆమె కోడ్‌ను దించుకుని, తన యంత్రంలో నడిపి, వచ్చే నడక తేదీ మార్చి, దాన్ని లోకానికి చూపాలి. సీనియర్లు పక్కనే ఉంటారు గానీ కీబోర్డు ముట్టుకోకూడదు. ఆమె అడిగిన ప్రతి ప్రశ్నా రీడ్‌మీలో లేని ఒక వాక్యం. సాయంత్రానికి ఆ వాక్యాలన్నీ రాసి చేర్చాలి. డొమైన్ ఎవరి ఖాతాలో ఉంది, గడువు ఏ నెల, క్లబ్బు ఈమెయిల్‌కు ధ్రువీకరణ కోడ్ ఏ ఫోనుకు వస్తుంది అన్నవి కూడా. ఆ ఫోను సీనియర్‌దే అయితే అప్పటికప్పుడు మార్చాలి. ఆ తర్వాత మొత్తం సైటును ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఒకసారి భద్రపరిచి, వెళ్లిపోయే బ్యాచ్ యజమానుల జాబితా నుంచి తమ పేర్లు తీసేసుకుంటుంది.